దరియాలతిప్పలో అమ్మకానికి పెంకుటిల్లు

ఆ ఇంటి ఫోటోలు సౌజన్య మొదట ఫోన్లో చూసింది. యానాం పక్కన దరియాలతిప్పలో గోదారి గట్టుకు దగ్గరగా చిన్న పెంకుటిల్లు. ముందు అరుగు, ఒక పడకగది, వంటగది, దాని మీద అటక. వెనక నాలుగు కొబ్బరిచెట్లు, వాటి అవతల మడచెట్లు, ఆపైన నీళ్ళు. సెలవులకి వచ్చి రెండ్రోజులు ఉండి వెళ్ళేవాళ్ళకి అమ్ముతామని కింద రాసి ఉంది. కాపురం పెట్టేవాళ్ళు ఫోన్ చెయ్యొద్దని కూడా రాసి ఉంది. అదేం షరతో ఆమెకు అర్థం కాలేదు.

సౌజన్యకు కాకినాడలో బీమా కంపెనీలో ఉద్యోగం. భర్త వంశీ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఐదో అంతస్తు ఫ్లాటులో ఉండీ ఉండీ విసుగెత్తి, వారానికి రెండ్రోజులైనా నీళ్ళు కనిపించేచోట గడపాలని ఇద్దరికీ ఏడాదిగా కోరిక. ఫోన్ చేస్తే ఇల్లుగలావిడ మాట్లాడింది. పేరు తెరేసా. భర్త పాండిచ్చేరిలో పనిచేస్తాడట. తను కనకాలపేటలో ఇద్దరు ఆడపిల్లలతో అద్దెకుంటూ స్కూల్లో టీచరుగా చేస్తోందట. కొనేముందు శని, ఆదివారాలు ఉండి చూడమని ఆవిడే అంది.

శనివారం పొద్దున్న వాళ్ళు కారు దిగేసరికి తెరేసా గేటు దగ్గర నిలబడి ఉంది. బక్కపలచని మనిషి. తాళాలు ఇచ్చి, ఏ గదికి ఏ తాళమో అక్కణ్ణుంచే చెప్పింది. లోపలికి రమ్మని సౌజన్య పిలిస్తే బడిలో పనుందని స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

ఇల్లు ఇద్దరికీ నచ్చింది. ఒక్క గోడల మీదే, నిలువెత్తుకు పైన, వరదనీళ్ళ చార మట్టిరంగులో మిగిలిపోయి ఉంది. సున్నం వేస్తే పోతుందన్నాడు వంశీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక దోమతెర కొనుక్కొస్తానని కారు తీసుకుని యానాం వెళ్ళాడు. సౌజన్య కిటికీ దగ్గర చాప వేసుకుని కూర్చుంది. పాటుకు నీళ్ళు వెనక్కి తీసి మడచెట్ల వేళ్ళు బురదలో తేలాయి. గాలి లేదు.

నాలుగు గంటలప్పుడు వంటింటి వైపు నుంచి ఏదో చప్పుడు వినిపించింది. కాసేపటికి గుర్తుపట్టింది. కిరసనాయిలు స్టవ్వుకు పంపు కొడుతున్న చప్పుడు. చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో విన్నదే. ఈ రోజుల్లో ఆ స్టవ్వు ఎవరు వాడుతున్నారా అనుకుంది. పక్కిల్లంటూ ఏదీ లేదు. రొయ్యల చెరువులు దాటితే గాని మరో కొంప కనిపించదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఖాళీ గట్టు, మూలన అటక్కి వేసిన నిచ్చెన. చప్పుడు పైనుంచి వస్తోంది.

తర్వాత ఒక ఆడమనిషి గొంతు, చేతిలో పని ఆపకుండా మాట్లాడుతున్నట్టుగా, మామూలుగా అడిగింది.

"తెరేసా, వచ్చావా?"

సౌజన్య గోడ పట్టుకుని వెనక్కి నడిచి, గడప దాటి, అరుగు మీదికి వచ్చి కూలబడింది.

గట్టు మీద కొబ్బరిచెట్టు కింద ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. పొద్దున్న వాళ్ళకు బొండాలు కొట్టిచ్చిన అమ్మిరాజు ఆయన. ఆమె మొహం చూసి వల పక్కన పెట్టి వచ్చాడు.

"ఇన్నారాండి?" అన్నాడు.

ఆమె తలూపింది.

"బయపడకండి. ఎవుర్నీ ఏం చెయ్యదండి. కూతుర్ని అడుగుతాదంతే."

అరుగు చివర కూర్చుని ఆయన చెప్పుకొచ్చాడు. ఆ గొంతు తెరేసా తల్లి ఆరోగ్యమ్మదట. పెద్ద వరద వచ్చిన ఏడు, తెల్లారేసరికి నీళ్ళు అరుగెక్కేశాయి. ఊరిని ఖాళీ చేయించే పడవ ఈ ఇంటి ముందుకు వచ్చేసరికి నిండిపోయి ఉంది. మహా అయితే ఒక మనిషి, ఇద్దరు పిల్లలు పడతారు. పిల్లల్ని తీసుకుని ముందు నువ్వెళ్ళమంది ఆరోగ్యమ్మ. గంటలో పడవ తీసుకొస్తానని చెప్పి తెరేసా వెళ్ళింది. గంటలో గోదారి ఇంకా పెరిగింది. అటువైపు పడవ తిప్పడం ఎవరి వల్లా కాలేదు. మూడోనాడు నీళ్ళు తీశాక నిచ్చెనెక్కి చూస్తే ఆరోగ్యమ్మ అటక మీద గోడవారగా పడుకుని ఉంది. పక్కన స్టవ్వు, టీ గిన్నె, నాలుగు గ్లాసులు. ప్రాణం పోయి అప్పటికే ఒక పూట అయిందన్నారు.

అప్పట్నుంచి రోజూ ఆ వేళకు వినిపిస్తుందని, గట్టు కింది రేవుకు వచ్చేపోయేవాళ్ళందరూ విన్నవాళ్ళేనని అమ్మిరాజు చెప్పాడు.

వంశీ నమ్మలేదు. ఆదివారం నాలుగింటికి తనే వెళ్ళి నిచ్చెన పక్కన నిలబడ్డాడు. బయటికి వచ్చినవాడు బట్టలు సర్ది, సంచీ కారులో పెట్టుకుని, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. కొనడం లేదని ఆవిడకు చెప్పేసి రా, వెళ్ళిపోదాం అన్నాడు.

తాళాలు తీసుకోవడానికి తెరేసా వచ్చింది. మళ్ళీ గేటు దగ్గరే ఆగింది. సౌజన్య ఏదో సాకు చెప్పాలనుకుంది గాని ఆ మొహం చూశాక నోరు రాలేదు. విన్నదే చెప్పింది. తెరేసా ఉలిక్కిపడలేదు. తాళాల గుత్తి అందుకుంది.

"రెండ్రోజులుండి వెళ్ళిపోయేవాళ్ళయితే పట్టించుకోరనుకున్నానండీ," అంది. "కాపురం ఉండేవాళ్ళకైతే రోజూ వినపడుతుంది కదా. వాళ్ళు ఇల్లు పడగొట్టేస్తారేమోనని భయం."

మీరెందుకు లోపలికి రారని సౌజన్య అడిగింది.

"మొదట్లో వారం రోజులు వరసగా వచ్చి కూర్చున్నాను. అందరికీ వినపడుతుందండీ. నాకే వినపడదు." తెరేసా గేటు గడియ పట్టుకుంది. "నా పేరే కదా పిలుస్తోంది. నాకే వినపడదు."

సౌజన్యకు అప్పుడు తనేం చేస్తోందో తనకే తెలియలేదు. తెరేసా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఇంకా నాలుగున్నర కాలేదు. వంటింట్లో పైనుంచి స్టవ్వు మండుతున్న హోరు వస్తూనే ఉంది. తెరేసా నిచ్చెన మొదట్లో నిలబడి పైకి చూసింది.

"తెరేసా, వచ్చావా?"

"ఏమంటోందండీ?" అంది తెరేసా. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు.

వచ్చావా అంటున్నారని చెప్పింది సౌజన్య. తెరేసా నిచ్చెన రెండు మెట్లెక్కి, చీకటిగా ఉన్న అటక మీదికి తలెత్తి, "వచ్చానమ్మా," అంది. "ఆలస్యమైపోయింది. వచ్చాను."

స్టవ్వు హోరు ఆగిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. సౌజన్య చెవులు రిక్కించింది. పై నుంచి ఒక్క మాటా రాలేదు.

"ఏమంది?" తెరేసా నిచ్చెన మీదనుంచే వెనక్కి తిరిగింది. "చెప్పండి. అమ్మ ఏమంది?"

ఆ కళ్ళను చూస్తూ ఏమీ అనలేదని చెప్పడం సౌజన్య వల్ల కాలేదు.

"పిల్లలు తడవలేదు కదా అన్నారు," అంది.

తెరేసా నిచ్చెన మెట్టు మీద తల ఆన్చి ఏడ్చింది. ఏళ్ళ తరబడి పట్టుకున్న ఏడుపు. తడవలేదమ్మా, నా చీర కప్పాను, తడవలేదు అని మళ్ళీ మళ్ళీ చెప్పింది. బయట వంశీ రెండుసార్లు హారన్ కొట్టాడు.

తిరుగుదారిలో సౌజన్య తను చేసింది మంచి పనే అనుకుంది. నెల తిరక్కుండానే ఫోన్లో ఆ ప్రకటన కనిపించకుండా పోయింది. తెరేసా దగ్గర్నుంచి ఒక మెసేజ్ వచ్చింది, పిల్లలతో ఆ ఇంట్లోకే మారామని, ఈసారి యానాం వస్తే తప్పకుండా రావాలని.

వానలు వెనకబట్టాక ఆఫీసు పని మీద సౌజన్య యానాం వెళ్ళింది. పని ముగించుకుని దరియాలతిప్ప వెళ్ళేసరికి మూడున్నర. గోడలకు కొత్త సున్నం వేశారు. తెరేసా కొద్దిగా ఒళ్ళు చేసింది. గేటు దాకా ఎదురొచ్చి లోపలికి తీసుకెళ్ళింది. ఆ రోజు తర్వాత చప్పుడు ఆగిపోయిందట. రేవు వాళ్ళెవరికీ వినపడడం లేదట. అమ్మిరాజు కూడా అదే చెప్పాడట. గట్టు మీద వల ముందు కూర్చున్న అమ్మిరాజు వైపు సౌజన్య చూసింది. ఆయన ఆమెను చూసి కూడా తల వంచుకున్నాడు.

తెరేసా టీ పెట్టింది. పన్నెండేళ్ళ పెద్దపిల్లకు జ్వరం వచ్చి తగ్గిందట, ఆ రోజు తల్లీకూతుళ్ళు బడికి వెళ్ళలేదట. ఆ పిల్ల వంటింటి గోడకు ఆనుకుని లెక్కలు చేసుకుంటోంది. నాలుగైంది. తెరేసా గ్లాసుల్లోకి టీ వడకడుతోంది.

పైన పంపు కొడుతున్న చప్పుడు మొదలైంది. తర్వాత ఆ గొంతు.

"తెరేసా, వచ్చావా?"

తెరేసా చేతిలో ధార చెదరలేదు. సౌజన్య గ్లాసు అందుకోబోయి ఆగింది. గోడవారన పిల్ల పెన్సిలు ఆగిపోయింది. ఆ పిల్ల అటక వైపు చూసి, తర్వాత సౌజన్య వైపు చూసింది. చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. మళ్ళీ నోటుపుస్తకం మీదికి వంగింది.

"ఏమైందండీ? ఏమన్నా వినపడిందా?" అంది తెరేసా.

"లేదు," అంది సౌజన్య.

టీ వేడిగా ఉంది. నెమ్మదిగా తాగమంది తెరేసా. పైన ఆ గొంతు మళ్ళీ అడిగింది.