పట్టు పిన్నికి సన్మానం

ఆ వారమంతా దత్తత సంస్థ కార్యదర్శికి కంటిమీద కునుకు లేదు. పట్టు పిన్నికి సన్మానం చేయాలని కమిటీ తీర్మానించింది. చేయడం సంగతి తర్వాత, ముందు ఆవిడకు తెలియకుండా దాచడమెలా?

పిన్ని ఒంటిమీద పట్టుబట్ట ఎవరూ చూడలేదు. పట్టు పడితే వదలదు కనుక ఆ పేరు. టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన దగ్గర్నుంచి, అమ్మానాన్నలు లేని పిల్లలకు ఇల్లు వెతికిపెట్టే ఈ సంస్థ కోసం జీతం బత్తెం లేకుండా విరాళాలు పోగుచేస్తోంది. పళ్ల డాక్టరు తన పన్ను పీకుతుంటే, నోరు తెరుచుకుని వట్టి సైగలతోనే, పిల్లలందరికీ ఉచిత వైద్యం చేసేటట్టు ఆయనతో తల ఊపించింది. ఒకసారి ఫ్యాక్టరీ యజమానితోపాటు లిఫ్టులో ఇరుక్కుపోయింది. తలుపు తెరుచుకునేసరికి ఆయన పిల్లలకు వ్యాను కొనిస్తానని మాటిచ్చేశాడు. లిఫ్టు దానంతటదే ఆగిందా అని కార్యదర్శి అడిగితే, "పాత లిఫ్టు నాయనా" అని ఊరుకుంది.

అలాంటి మనిషికి సన్మానమని చెబితే, ఆ ఖర్చేదో పిల్లలకు పెట్టమని సభ రద్దు చేయిస్తుంది. అందుకని కార్యదర్శి ఒక కథ అల్లాడు. మళ్లీ అందులో ప్రతి మాటా నిజమే.

"ఆదివారం సాయంత్రం టౌన్ హాల్లో ఒకరికి సన్మానం పిన్నీ. మన సంస్థకి ఇంతవరకు సొంతంగా చిల్లిగవ్వ ఇచ్చిన మనిషి కాదు. ఊళ్లో డబ్బున్నవాళ్లంతా వస్తున్నారు."

"ఎవరా మనిషి?"

"పేరు బయటపెట్టట్లేదండీ."

పిన్ని కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నాకు మైకు రెండు నిమిషాలు ఇప్పించు."

ఆదివారం హాలు కిటకిటలాడింది. పిన్ని విరాళాల డబ్బా పట్టుకుని గుమ్మంలోనే కాపు వేసింది. పళ్ల డాక్టరు, ఫ్యాక్టరీ యజమాని నవ్వు బిగబట్టుకుని డబ్బాలో వేసి లోపలికి పోయారు. తర్వాత ఆవిడ వేదికెక్కింది.

"సన్మానాలంటే నాకు కోపం లేదండీ. కానీ ఈ పువ్వులు చూడండి, కుర్చీకి కట్టిన రిబ్బన్లు చూడండి. ఆ పెద్దమనిషెవరో గానీ పిల్లలకి చిల్లిగవ్వ విదల్చలేదట. సిగ్గన్నది ఉంటే లేచి రమ్మనండి, మొహంమీదే అడుగుతాను."

ఎవరూ లేవలేదు. ముందు వరుసలో ఒకాయన నవ్వాపుకోలేక కుర్చీ కిందికి వంగి చెప్పు సర్దుకున్నాడు. కార్యదర్శి తెర తాడు లాగాడు. పిన్ని వెనక్కి తిరిగి చూస్తే గోడంత ఫొటో, తనదే. ఎవరినో ఏదో అడుగుతున్న ఫొటో.

పిన్ని కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది.

ఇంతలో ఒక తల్లి ఏడేళ్ల పాప చేత పూలగుత్తి ఇప్పించి మైకు తీసుకుంది. "పిన్నిగారు మా ఇంటికి విరాళం కోసం వచ్చారు. ఒకసారి పిల్లల్ని చూసి రమ్మన్నారు. చూసి, ఈ పాపని తెచ్చేసుకున్నాం. ఆ సంతోషంలో విరాళం మాటే మర్చిపోయాం."

"నేను మర్చిపోలేదమ్మా" అంది పిన్ని కళ్లు ఒత్తుకుంటూ. హాలు గొల్లుమంది.

సభ ముగిశాక వేదిక వెనక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "ఈ పువ్వులెక్కడివి?"

"పూల కొట్టాయన ఊరికే ఇచ్చాడు పిన్నీ. హాలు కూడా ఊరికేనే. మీ పేరు చెప్పగానే ఎవరూ మారు మాట్లాడలేదు." ఆవిడ మురిసిపోతుందనుకున్నాడు కార్యదర్శి.

పిన్ని తల పట్టుకుని కూలబడింది. "కొంప ముంచావు కదరా. పూల కొట్టాయన్ని పిల్లల పరుపుల కోసం దాచుకున్నాను. ఇప్పుడెళ్తే, మొన్నేగా ఇచ్చాం అంటాడు."

పిన్ని కాసేపు పూలగుత్తికేసి చూసింది.

"మీ బావమరిదిది పరుపుల షాపే కదూ?"

"వాడితో మాకు రెండేళ్లుగా మాటల్లేవండీ."

"మరీ మంచిది. అలిగినవాళ్లు లోపల రాజీ కోసమే చూస్తుంటారు, కాస్త సాకు దొరకాలంతే. పద."

సన్మాన ఫలకం చంకన పెట్టుకుని ఆవిడ మెట్లు దిగింది. పూలగుత్తితో కార్యదర్శి వెనకే నడిచాడు.

మర్నాడు పిల్లలకు పరుపులు వచ్చాయి. కార్యదర్శి ఇంటికి బావమరిది భోజనానికి వచ్చాడు.