ముప్పై ఒక్క పుస్తకాలు, ఒకే దస్తూరి

సంతకం సారు చేసిన ద్రోహాన్ని లేతు మేస్త్రి కట్టె కాలేదాకా మరిచిపోడు. సారు దూరవిద్యా కేంద్రానికి కోఆర్డినేటరు. పాఠం చెప్పగా చూసినవాడు లేడు. కాగితం కనిపిస్తే సంతకం గీకుతాడు, అందుకే ఆ పేరు. ఆ ఉదయం విచారణ గదిలో మేస్త్రి ఎవరో తెలియనట్టు గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు.

బల్ల మీద ముప్పై ఒక్క అసైన్‌మెంటు పుస్తకాలు వరసగా పరిచి ఉన్నాయి. హెడ్డాఫీసు నుంచి వచ్చిన అధికారి ఒక్కొక్కటీ తిరగేశాడు. గుండ్రంగా, అచ్చు గుద్దినట్టున్న అదే రాత.

"ఇందులో నీదేది?" అని మేస్త్రిని అడిగాడు.

"చివరిది సార్."

"మిగతా ముప్పై?"

"అవీ నేనే రాశాను. మా కోఆర్డినేటరు సారు రాయమన్నారు."

సంతకం సారు గడియారం మీంచి చూపు దించాడు. "నేనా? ఈయన మొహం నేను చూసిందే అంతంతమాత్రం. నాలుగు డబ్బులకి ఆశపడి అమాయకుల్ని పాడుచేశాడండీ."

ఆరో తరగతిలో బడి మానేసిన మేస్త్రి ఇరవై తొమ్మిదేళ్లుగా లేతు మిషను మీద ఇనుము కోస్తున్నాడు. రోజుకు నాలుగు వందల ఇరవై కూలి. చూపు మందగించి కొలతలు తప్పుతున్నాయి, ఈ ఏడు దాటితే ఉంచుకోలేనని షాపు యజమాని చెప్పేశాడు. ఆరేళ్ల కిందట అర్హత పరీక్ష రాసి దూరవిద్యలో చేరినప్పుడు, "జుట్టు నెరిశాక పలకా బలపమూనా" అని భార్య నవ్వింది. నవ్వుతూనే వంటింటి లైటు కింద పీట వేసింది.

డిగ్రీ చేతికొస్తే అదే కేంద్రంలో పనివాళ్ల తరగతికి బోధకుడి ఉద్యోగం. నెలకు తొమ్మిది వేలు. షరతొక్కటే, యాభై నిండకముందే పట్టా ఉండాలి. ఇప్పటికే ఆదివారాలు కేంద్రంలో భిన్నాలు రాని తోటివాళ్లకి ఇనపకడ్డీ చూపించి పావూ అరా చెబుతుంటే, తనలో ఇంత మాట దాగుందని మేస్త్రికే తెలియదు.

అసైన్‌మెంట్లు ఎవరూ సొంతంగా రాయకపోవడం ఆ కేంద్రంలో ఆనవాయితీ. పొద్దంతా పనిచేసి వచ్చినవాళ్లకి ఓపికెక్కడిది? పుస్తకానికి రెండు వందలు సంతకం సారు పుచ్చుకుంటాడు, రాసినవాడికి యాభై ఇస్తాడు. ఫీజుకి ఆసరా అవుతుందనుకున్నాడు మేస్త్రి. దానికి తోడు జాలి. మక్కీకి మక్కీ దింపితే పాపమని, ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు ఆలోచించి రాశాడు. జవాబులు మార్చాడు గానీ రాత మార్చాలని తట్టలేదు. ఇనుము మీద అంకెలు కొట్టే చెయ్యి అది, గీత పక్కకి పోతే సహించదు.

అధికారి మిగతావాళ్లని పిలిచాడు. "డబ్బిచ్చి రాయించుకున్నాం, తెలియక చేశాం" అని సంతకం పెడితే నెలలో మళ్లీ రాసుకోవచ్చన్నాడు. సంతకం సారు పేరు ఆ కాగితంలో లేదు. మొదట సంతకం పెట్టింది ఆసుపత్రిలో తుడిచే ఆయమ్మ. పదోన్నతికి ఆమెకి ఈ చదువు కావాలి. మేస్త్రి వైపు చూడలేదు.

మేస్త్రికి పరీక్షలు రాయకుండా రెండేళ్ల నిషేధం రాశారు.

బయట మెట్ల దగ్గర ఆయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ నిలబడింది.

"అన్నా, నా ఇద్దరు పిల్లల మీద ఒట్టు, సారే డబ్బు తీసుకున్నాడని చెబుదామనే వచ్చాను. నోరు పెగల్లేదు."

"పోనీలేమ్మా. నెలలో మళ్లీ రాయాలిగా. నీ పుస్తకంలో మొదటి జవాబు ఏంటో గుర్తుందా?"

"నువ్వు బాగా రాశావని గుర్తుందన్నా. ఏం రాశావో తెలీదు."

ఆ మాటకి మేస్త్రి మెట్టు మీద కూర్చుండిపోయాడు. ముప్పై మందికి సాయం చేశానని ఇన్నాళ్లూ మురిసిపోయాడు. వాళ్లు నేర్చుకోవాల్సినదంతా తనే రాసిపెట్టి, ముప్పై మంది నోటికాడ కూడు తనే తిన్నాడు.

నాలుగో రోజు సంతకం సారు లేతు షాపుకొచ్చాడు. చంకలో కొత్త పుస్తకాల కట్ట.

"కోపమేంటయ్యా మేస్త్రీ, నీ కడుపు కొట్టి నేను బతకను. గొడవ సద్దుమణిగింది. పుస్తకానికి డెబ్బై ఇస్తా. ఈసారి ఎడం చేత్తో రాయి, ఎవడు కనిపెడతాడు?" అని తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు.

మేస్త్రి మిషను ఆపాడు. నూనె చేతులు గుడ్డకి తుడుచుకుని, కట్ట అందుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"రాయను సార్."

"బెట్టు చెయ్యకు. షాపువాడు తీసేశాక నిన్నెవరు పోషిస్తారు?"

"ఎవరూ పోషించరు. అయినా రాయను. ఆ ముప్పై మందినీ ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. వాళ్ల జవాబులు వాళ్లే రాసుకుంటారు."

"పట్టా లేనోడివి. నీ దగ్గరికి ఎవరొస్తారు?"

మేస్త్రి మిషను మళ్లీ ఆన్ చేశాడు. సారు ఏదో అంటూనే ఉన్నాడు, ఇనుము రాపిడిలో వినబడలేదు.

ఆదివారం వంటింట్లో చాప పరిచి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా వచ్చింది ఆయమ్మ ఒక్కతే.

నిషేధం తీరేనాటికి అతనికి యాభై నిండి నాలుగు నెలలు, బోధకుడి ఉద్యోగం చేజారినట్టే. ఏటా మూడు వేల ఆరు వందల చొప్పున ఆరేళ్ల ఫీజు, ఇరవై ఒక్క వేల ఆరు వందలు నీళ్లపాలు.