కమాను కింద చప్పట్లు

కోట గుమ్మం దాకా వచ్చేసరికే ముసలామె మోకాళ్ళు మొరాయించాయి. తలెత్తి చూస్తే మెట్లు, వాటి పైన మళ్ళీ మెట్లు, ఆ చివర మబ్బులో కూరుకుపోయిన గోడలు. పక్కనున్న రాతి అరుగు మీద కూలబడింది.

"ఇక నా వల్ల కాదమ్మాయ్. రాజులకేం, పల్లకీలో పోయేవాళ్ళు."

"కాసేపాగి ఎక్కుదాం అత్తయ్యా. తొందరేముంది," అంది కోడలు.

తొందర ఉంది. పైన బురుజు దగ్గర ఒక మనిషి కాచుకుని ఉన్నాడు. కుట్టుమిషన్లు బాగుచేసే మెకానిక్. కొడుకు పోయాక ఆ అత్తాకోడళ్ళకు మిషన్లే తిండి పెడుతున్నాయి. సైకిల్ షాపు పైన మేడగది, అందులో రెండు మిషన్లు, కిటికీ పక్కన కటింగ్ బల్ల. కోడలు కత్తిరించి కుడుతుంది. గుండీలు, కాజాలు, అంచుమడతలు అత్తగారివి. బెల్టు తెగితేనో, బాబిన్ పట్టేస్తేనో వచ్చే మెకానిక్ ఈ మధ్య ఏమీ తెగకపోయినా రావడం మొదలుపెట్టాడు. "ఊరికే, ఆయిల్ వేసి పోదామని," అనేవాడు. ఆ మిషన్లు తాగినంత నూనె ఏ దీపమూ తాగి ఉండదు. ముసలామెకు కళ్ళు మసకే గానీ మరీ అంత మసక కాదు.

ఇప్పుడతను దూరాన ఇంకో ఊళ్ళో కొట్టు తెరుస్తున్నాడు. పెళ్ళి చేసుకుని కోడల్ని అక్కడికి తీసుకెళ్తానంటున్నాడు.

"మీరు వద్దంటే మానేస్తాను అత్తయ్యా. ఏదో ఒకటి మీ నోటితో చెప్పండి," అంది కోడలు. మీరూ మాతో రండి అని కూడా అంది. కొత్త కాపురంలో పాత బీరువాలా తనెందుకని ముసలామె ఆ మాట అక్కడే తుంచేసింది. మొదటిదానికి మాత్రం జవాబు చెప్పలేకపోయింది. ఇంట్లో పెగలని నోరు బయట గాలికైనా పెగులుతుందేమో, ముగ్గురం కూర్చుని తేల్చుకుందామని కోడలు ఈ కోటకు తీసుకొచ్చింది.

ముసలామెకు వెళ్ళేవాళ్ళంటే భయం. పనికి పోతూ "వెళ్ళొస్తానమ్మా" అన్న కొడుకు తిరిగి రాలేదు. అంతకుముందు అతని తండ్రీ అంతే. ఆమె జీవితంలో గుమ్మం దాటినవాళ్ళే ఎక్కువ, మళ్ళీ వచ్చి చెప్పులు విప్పినవాళ్ళు తక్కువ.

అంతలో ఒక గైడు పదిమందిని వెంటేసుకుని వచ్చి, గుమ్మం మీది కమాను కింద నిలబెట్టాడు.

"ఇక్కడ చప్పట్లు కొడితే పైన బురుజు దగ్గర ఖంగుమని వినపడతాయండీ. శత్రువు వస్తున్నాడని కాపలావాడు ఇలాగే కబురు పంపేవాడు."

"పైనుంచి రాజుగారు కొడితేనో?" అన్నాడు గుంపులో ఒకాయన.

"అది కిందికి వినపడదండి. పైవాళ్ళ సంగతి మనకెప్పుడు తెలిసింది గనక."

అందరూ నవ్వి, చప్పట్లు కొట్టి, పైకి పోయారు. గుమ్మం ఖాళీ అయింది. ముసలామెకు ఒక ఆలోచన తట్టింది.

"నువ్వెళ్ళి అతని దగ్గర కూర్చో. నాకు సమ్మతమైతే ఇక్కడ చప్పట్లు కొడతాను. కాకపోతే ఊరుకుంటాను. నీ మొహం చూస్తూ ఏ మాటా చెప్పలేనమ్మాయ్."

"ఇదేం ఆట అత్తయ్యా."

"ఆటే అనుకో. వానొచ్చేలోగా తేల్చేస్తాను, పో."

కోడలు వెనక్కి తిరిగి చూస్తూ చూస్తూ మెట్లెక్కింది. మలుపులో చీర అంచు కనబడి మాయమైంది.

ముసలామె లేచి కమాను కింద నిలబడింది. అక్కడ గబ్బిలాల కంపు, చల్లదనం. చేతులు పైకెత్తింది. అవి మధ్యలోనే ఆగిపోయాయి. ఆ పిల్ల వయసు గుర్తుచేసుకుంది, తన వయసు గుర్తుచేసుకుంది. మేడగదిలో ఒక్క మిషనే చప్పుడు చేయడం ఊహించుకుంది. చేతులు కిందికి దిగిపోయాయి. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది.

అప్పుడొచ్చింది ఇంకో గుంపు, ఇంకో గైడుతో. అతనూ అదే కథ మొదలుపెట్టాడు.

"కొట్టకండి నాయనా," అంది ముసలామె అడ్డం వచ్చి.

"అదేంటి మామ్మగారూ, టికెట్టులో చప్పట్లు కూడా కలిసే ఉన్నాయి," అన్నాడతను. ఏమని చెప్పాలో ఆమె వెతుక్కునేలోగా అందరూ కొట్టేశారు. కమాను మారుమోగిపోయింది.

తన వేలిముద్ర ఎవరో వేసేసినట్టయింది ఆమెకు. ఎక్కి వెళ్ళి, అవి నావి కాదని చెప్పొచ్చు. నాలుగు మెట్లు ఎక్కింది కూడా. మోకాళ్ళు ఆపాయో, మనసే ఆపిందో, గోడ పట్టుకుని దిగి వచ్చి మళ్ళీ అరుగు మీద కూర్చుంది. చినుకులు మొదలయ్యాయి.

కోడలు దిగి వచ్చింది. వెనకాల, కాస్త ఎడంగా, గొడుగు మూసి పట్టుకుని మెకానిక్. కోడలు దగ్గరికి రాలేదు, చివరి మెట్టు మీదే ఆగింది.

"చప్పట్లు వినపడ్డాయి అత్తయ్యా. అప్పటికి బురుజు దగ్గరే కూర్చున్నాం. కానీ..." ఆగింది. "చాలా చేతుల్లా ఉన్నాయి. మీవీ కలిశాయేమోనని వచ్చాం."

కాదంటే ఆ పిల్ల నమ్ముతుంది. నమ్మి, రేపు పొద్దున కటింగ్ బల్ల దగ్గర కూర్చుని సుద్దముక్క తీస్తుంది. మరెప్పుడూ అడగదు. 

"కలిశాయి," అంది. "అందరికంటే గట్టిగా కొట్టాను. నీకెలా తెలుస్తుందిలే."

కోడలు మెట్టు దిగి వచ్చి ఆమె భుజం మీద తల పెట్టేసింది. మెకానిక్ ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూశాడు.

"రెండు మిషన్లూ మీకే ఉంచేస్తాం పెద్దమ్మా," అన్నాడు.

"కత్తెర పట్టడం రాని దానికి రెండెందుకు నాయనా. ఎప్పుడు వెళ్దామనుకుంటున్నారు?"

"మీరెప్పుడంటే అప్పుడే అత్తయ్యా," అంది కోడలు, తల ఎత్తకుండానే.

"అదీ నా చేతే చెప్పించాలా." ముసలామె కోడలి తడి జుట్టు మీద చెయ్యి వేసింది. "ఈ ఆదివారమే వెళ్ళండి. అంతకు మించి ఆలస్యం చేస్తే నా మాట మీద నేను నిలబడలేను."