ఎర్ర కారు లోపలి కుట్టు

మా ఆయన టౌన్ బస్సు నడుపుతాడు. ఆ బస్సు నలభై దాటకుండా ఇంజనుకు ఏదో బిగించి పెట్టారు. పదకొండేళ్ళుగా అదే నలభై, అవే ముప్పై నాలుగు స్టాపులు. బడికి పోయే పిల్లలు సైకిళ్ళ మీద ఆయన్ని దాటిపోతూ చెయ్యి ఊపుతారట. అలాంటి మనిషి కంట ఒకరోజు ఎర్ర కారు పడింది.

చూడ్డానికి మామూలు చిన్న కారే. పొట్టిగా, గుండ్రంగా, వెనక పైకి లేచే తలుపుతో ఉంటుంది. కాకపోతే లోపల ఇంజను మాత్రం దాని ఒంటికి మించినది. కాలు ఆనిస్తే ఏడు సెకన్లలో నూటికి పోతుందని మా ఆయన చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఉన్న వెలుగు మా పెళ్ళి ఫోటోల్లో ఎంత వెతికినా కనిపించదు.

ధర తక్కువ. ఎందుకు తక్కువంటే దెబ్బ తిన్న కారు. అమ్మేది మా వీధి చివర పళ్ళ డాక్టరు.

"ఏమీ లేదమ్మా, చిన్న గీత. రంగు వేయించేశాను" అన్నాడు నాతో.

నా జ్ఞానదంతం పీకే ముందు కూడా ఆయన అదే అన్నాడు. ఏమీ లేదమ్మా, చిన్న నొప్పి. మూడు రోజులు గంజి తాగాను. కాబట్టి ఆ గొంతు నాకు బాగా గుర్తు.

గీత పడింది వెనక ఎడమవైపు. మా బుడంకాయ సీటు బిగించేది సరిగ్గా అక్కడే. బుడంకాయ అంటే మా అమ్మాయి, పద్నాలుగు నెలలది. దాని విషయంలో నాకు కాస్త భయం ఎక్కువని ఇంట్లో అంటారు. ఫ్యాను ఊడి పడుతుందేమోనని మంచాన్ని గది మూలకు జరిపించిన మాట నిజమే. నిద్రలో ఊపిరి తీస్తోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఆ వేలు తగిలి అది లేచి ఏడుస్తుంది. ఏడుస్తోంది కాబట్టి ఊపిరి ఉందని నాకు నిమ్మళంగా ఉంటుంది.

అత్తగారు కొడుకు పక్షం. వాడు నోరు తెరిచి అడిగిన కోరిక ఇదొక్కటే, దీనికీ నువ్వు అడ్డం పడతావా అని మొదలుపెట్టి, ముందు సీట్లో తను కూర్చుంటే నడుముకు ఎంత హాయిగా ఉంటుందో చెప్పేదాకా వచ్చింది. అప్పుడు తెలిసింది ఆవిడ ఎవరి పక్షమో.

నేను కొనొద్దని అనలేదు. తిరగేసి చూడాలన్నాను.

"కారును తిరగేస్తావా?" అన్నాడు మా ఆయన.

నేను ఇంట్లో మిషను కుడతాను. కొత్త బట్టలకంటే పాతవి సరిచేసే పనే ఎక్కువ వస్తుంది. చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది గానీ, బట్టను తిరగేశానంటే దాని కథంతా చదివేస్తాను. ఎక్కడ విప్పారు, ఎన్నిసార్లు విప్పారు, విప్పిన మనిషికి ఓపిక ఉందా లేదా, అన్నీ లోపలి కుట్టులో ఉంటాయి. పైన ఇస్త్రీ ఎవరైనా చేస్తారు.

ఆదివారం పొద్దున్నే డాక్టరు ఇంటికి వెళ్ళాం. మా ఆయన తాళం అందుకుని స్టీరింగు ముందు కూర్చున్నాడు. కారు స్టార్టు చెయ్యకుండానే గేరు మార్చుకుంటున్నాడు. అత్తగారు ముందు సీట్లో కూర్చుని ఒళ్ళో బుడంకాయను పెట్టుకుంది. నేను సంచిలోంచి సూదుల అయస్కాంతం తీశాను. కిందపడ్డ గుండుసూదులు ఏరడానికి మిషను దగ్గర ఎప్పుడూ ఉంటుంది. కారుకు గీత పడకుండా దానికి పాత గుడ్డ చుట్టి, ముందు తలుపు మీద పెట్టాను. అతుక్కుంది. వెనక తలుపు మీద పెట్టాను. అతుక్కుంది. వెనక ఎడమ చక్రం పైన ఉన్న రేకు మీద పెడితే తటాలున జారి నా చేతిలో పడింది. పక్కన పెట్టాను, మళ్ళీ పడింది. పడిన ప్రతిచోటా బట్ట మీద గుర్తులు పెట్టే సుద్దముక్కతో గీసుకుంటూ పోయాను. డాక్టరు కాఫీ కప్పుతో బయటికి వచ్చేసరికి కారు వెనక భాగం కత్తెర పడబోయే కోటు గుడ్డలా తయారైంది.

ఆయన కప్పు అరుగు మీద పెట్టాడు. తర్వాత, అది లప్పం అనీ, పుచ్చిన పంటికి సిమెంటు పెట్టినట్టు కారుకు లప్పం పెట్టడం మామూలేననీ చెప్పాడు.

"చిన్న గీతకు ఇంత సిమెంటా డాక్టరు గారూ? నా పంటికి ఇంత పెట్టి ఉంటే నోరు మూతపడేది కాదు" అన్నాను.

అత్తగారు కారులోంచే నా నోరు ఇప్పటికీ మూతపడలేదని అందించింది. డాక్టరు నవ్వి, అనుమానం ఉంటే మీకు నమ్మకమైన మేస్త్రికి చూపించుకోండన్నాడు. మా ఆయన వెంటనే బస్సు డిపో వెనక షెడ్డు మేస్త్రి ఉన్నాడు కదా అన్నాడు. ఆ మాట వినగానే డాక్టరు మొహం ఎందుకో తేలికపడింది. నేను చూశాను. అర్థం మాత్రం అప్పుడు కాలేదు.

మా ఆయన కారు తెస్తే, బుడంకాయతో నేనూ అత్తగారూ ఆటోలో షెడ్డుకు వెళ్ళాం. ఆ మేస్త్రి మాకు తెలిసినవాడే. కిందటేడు నా మిషను కాలిపలక పగిలితే దాని మీద ఇనప రేకు అతికించి ఇచ్చాడు. నోటికంటే సుత్తిని ఎక్కువ వాడే మనిషి. షెడ్డులో తలుపులు లేని వ్యాను ఒకటి, వ్యాను లేని తలుపులు నాలుగు ఉన్నాయి. బకెట్టులో నానేసిన గరుకు కాగితాలు, తిప్పే గుబ్బ లేకుండానే మోగుతున్న రేడియో. ఆయన ఎర్ర కారు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. నా సుద్ద గీతలు చూసి తల గోక్కున్నాడు. కింద జాకీ పెట్టలేదు, వంగి కూడా చూడలేదు.

"ఎవరు చేశారో గానీ చెయ్యి తిరిగిన పని చెల్లెమ్మా. కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు.

అత్తగారు మోచేత్తో నన్ను పొడిచింది. మా ఆయన అప్పటికే కళ్ళు మూసుకుని ఉన్నాడు.

నేను వెనక తలుపు ఎత్తి, డిక్కీ అంచున ఉన్న రబ్బరు ఊడదీశాను. కింద రెండు రేకులు కలిసేచోట వరసగా చిన్న చిన్న గుంటలున్నాయి. రేకును రేకుకు అతికించిన చుక్కలవి. కుడివైపు వేలితో తడిమాను. మిషను కుట్టులా అన్నీ ఒకే దూరంలో ఉన్నాయి. ఎడమవైపు తడిమాను. మూడు చుక్కలు దగ్గరగా, కాస్త ఖాళీ. మళ్ళీ మూడు, మళ్ళీ ఖాళీ. చేతికుట్టు.

అప్పుడు నా బొటనవేలు కదిలింది. చేతిది కాదు, కాలిది.

మిషను నేను చెప్పుల్లేకుండా తొక్కుతాను. కాలిపలక మీద ఈ మేస్త్రి రేకు అతికించిన చుక్కలు ఏడాదిగా నా బొటనవేలికి కంఠస్థం. ఎందుకైనా మంచిదని డిక్కీ అంచు మీద కూర్చుని, కుడి చెప్పు విడిచి, కాలు పైకి మడిచి ఆ గుంటలను బొటనవేలితో తడిమాను. అత్తగారు నా పరువు సంగతి వదిలేసి బుడంకాయ కళ్ళు మూసింది.

మూడు, ఖాళీ. మూడు, ఖాళీ. సందేహం లేదు.

"చెయ్యి తిరిగిన పనన్నావు కదన్నా. ఆ చెయ్యి నీదేనా?" అన్నాను.

మేస్త్రి వెళ్ళి రేడియో కట్టేశాడు. దానికి గుబ్బ లేదు కాబట్టి వైరు పీకాల్సి వచ్చింది.

"మూడు నొక్కులకోసారి ఊపిరి తీసుకుంటాను చెల్లెమ్మా. పని నేర్చుకున్నప్పట్నుంచీ అంతే" అన్నాడు గోడ వైపు చూస్తూ.

మా ఆయన కళ్ళు తెరిచాడు. అయినా ఆశ వదల్లేదు. మన మేస్త్రే చేశాడంటే ఇంకా మంచిదే కదా, బయటివాడు చేసి ఉంటే భయపడాలి గానీ అన్నాడు. మేస్త్రి కూడా ధైర్యం తెచ్చుకుని, ఇనుములా ఉందన్నాడు. ఇనుము ఎలాగూ ఇనుములాగే ఉంటుంది. నాకు కావలసింది అది కాదు.

"సరే అన్నా. పాప సీటు పెట్టేది ఆ ఎడమవైపే. నువ్వోసారి అక్కడ కూర్చో. ఒక్క రౌండు వేసొద్దాం."

తనకు పనుందన్నాడు. చేతులకు గ్రీజుందన్నాడు. నేను సంచిలోంచి గుడ్డ తీసి సీటు మీద పరిచాను. ఇంకేం చెప్పాలో తోచక ఎక్కాడు. నేను కుడివైపు ఎక్కాను. బుడంకాయను ఆ కారులో కదలనిచ్చేది లేదు కాబట్టి షెడ్డులో స్టూలు మీద అత్తగారి ఒళ్ళోనే ఉంచాను. ముందు సీటు పోయినందుకు ఆవిడ నన్ను చూసిన చూపుకు లప్పం కూడా పగిలేది.

డిపో గోడ దాటాక రోడ్డు ఖాళీ. మా ఆయన కాలు ఆనించాడు. నా వీపు సీటుకు అంటుకుపోయింది. పక్కన గోడలు, స్తంభాలు, ఎవరివో ఆరేసిన దుప్పట్లు అన్నీ ఒకే రంగయిపోయాయి. ముందు ఆయన డిపో బస్సే ఒకటి పోతోంది. దాన్ని దాటేటప్పుడు మా ఆయన తన పక్క అద్దం దించి చెయ్యి ఊపాడు. ముందు పైనున్న చిన్న అద్దంలో ఆ మొహం చూశాను. పదకొండేళ్ళ నలభై ఒక్కసారిగా దిగిపోయిన మొహం.

కానీ నేను చూడాల్సింది మేస్త్రిని. ఆయన ఒక చేత్తో తలుపు పైన పట్టుకునే పిడిని పట్టుకున్నాడు. కాసేపటికి రెండో చెయ్యి కూడా వేశాడు. వేగం పెరిగేకొద్దీ ఎడమ తలుపుకు దూరంగా, అంగుళం అంగుళం నా వైపు జరుగుతున్నాడు. మొదటి మలుపులో మధ్యకు వచ్చాడు. రెండో మలుపుకు ఆయన భుజం నా భుజానికి ఆనింది. ఏమనుకోకు చెల్లెమ్మా అన్నాడు. స్పీడు బ్రేకరు కనబడగానే సీటు మీంచి లేచి గాల్లో ఉండిపోయాడు.

"సీట్లో గుండుసూది ఏమైనా ఉందా అన్నా?"

"ఆపవయ్యా. కాస్త నిమ్మళంగా పోనీ" అన్నాడు మా ఆయనతో. తర్వాత నా వైపు తిరగకుండానే చెప్పాడు. "పైన పని పూర్తిచేశాను. కింద నేలరేకు కలిసేచోట మాత్రం అక్కడక్కడా అంటించి వదిలేశాను. డాక్టరు ప్రయాణం ఉందని తొందరపెట్టాడు. మళ్ళీ తెస్తానన్నాడు. తేలేదు."

"కచ్చాకుట్టు వేసి బట్ట ఇచ్చేశావన్నమాట."

అంతేనన్నాడు. ఇంతకీ ఆ చిన్న గీత ఎలా పడిందని అడిగితే, ఆగి ఉన్న కారును వెనక నుంచి సిమెంటు లారీ గుద్దిందని చెప్పాడు.

తిరిగి షెడ్డుకు ఇరవైలో వచ్చాం. ఇందాక మేం దాటిన బస్సు మమ్మల్ని దాటిపోయింది. దాని డ్రైవరు చెయ్యి ఊపాడు. మా ఆయన ఊపలేదు.

షెడ్డులో దిగాక, వద్దులే, నువ్వన్నదే నిజమైంది అన్నాడు. చివరి స్టాపు అని అరిచే గొంతుతో అన్నాడు. నేను గెలిచానని సంబరపడాలి. కానీ ఇందాక అద్దంలో చూసిన మొహం నన్ను వదలడం లేదు. అయినా కచ్చాకుట్టు వెయ్యడం తప్పు కాదు. నేనూ వేస్తాను. అసలు కుట్టు వెయ్యకుండా మనిషికి తొడిగించడం తప్పు. నా చేతికి అలాంటి బట్ట వస్తే పారెయ్యను. విప్పి మళ్ళీ కుడతాను.

అదే మేస్త్రికి చెప్పాను. ఎడమ పక్కంతా విప్పు, లప్పం గీకెయ్, నేలరేకు నా కళ్ళ ముందు అతికించు. ఖర్చు డాక్టరుది. డాక్టరు ఒప్పుకోకపోతేనో అన్నాడు మేస్త్రి. ఒప్పించే పని నాది.

పెద్ద పనేం కాదది. సుద్ద గీతలు తుడవకుండా ఆ ఎర్ర కారును మర్నాడు పొద్దున్నే ఆయన ఆసుపత్రి గుమ్మం ముందు నిలబెట్టించాను. బుగ్గలు పట్టుకుని వచ్చినవాళ్ళంతా నొప్పి మరిచి, ఈ గీతలేమిటని ఆరా తీశారు. డాక్టరు గారు లోపల ఏముందో చూడకుండా పైన నింపేసిన చోట్లు ఇవేనని వివరంగా చెప్పాను. కారు గురించే చెప్పాను. పదకొండు గంటలకల్లా ఆయన ఒప్పుకున్నాడు.

పని నాలుగు రోజులు పట్టింది. రోజూ బుడంకాయను తీసుకుని వెళ్ళి నిప్పురవ్వలు పడనంత దూరంలో, బోర్లించిన డబ్బా మీద కూర్చునేదాన్ని. ఇంట్లో చెంచా పడితే లేచే పిల్ల ఆ సుత్తి మోతలో హాయిగా నిద్రపోయింది. నేను చుక్కలు లెక్కపెట్టుకున్నాను. మేస్త్రి రెండో రోజే, నువ్వలా చూస్తుంటే నాలుగు నొక్కులకు గానీ ఊపిరి ఆడటం లేదు చెల్లెమ్మా అని మొత్తుకున్నాడు. ఆడకపోతే మంచిదే, ఖాళీలు తగ్గుతాయన్నాను. రంగు వెయ్యకముందు అయస్కాంతం పెట్టాను. ఎక్కడ పెట్టినా అతుక్కుంది.

ఐదో రోజు మళ్ళీ ఆ రోడ్డే. మళ్ళీ మేస్త్రే ఎడమవైపు. అత్తగారికి మళ్ళీ స్టూలే. మా ఆయన మొదట భయంభయంగా నడిపాడు. పోనివ్వండి అని నేనే అన్నాను. నా నోటి నుంచి ఆ మాట విని ఆయన రెండుసార్లు వెనక్కి చూశాడు. రోడ్డు చూడమన్నాను.

కారు వేగం అందుకుంది. గోడలు, దుప్పట్లు ఒకే రంగయ్యాయి. మొదటి మలుపులో మేస్త్రి పిడి వదిలేశాడు. రెండో మలుపులో ఎడమ తలుపుకు చేరగిలబడ్డాడు. స్పీడు బ్రేకరు వచ్చింది, పోయింది, ఆయన లేవలేదు. నాలుగు రోజులు నా కళ్ళ కింద పనిచేసిన అలసట కాబోలు. ఆ వేగంలో, ఆ సీట్లో, తల అద్దానికి ఆనించి, నోరు తెరిచి నిద్రపోయాడు.

అలవాటు కొద్దీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి తీస్తున్నాడు.

"కొందాం" అన్నాను మా ఆయనతో.