గాలి మేస్త్రి

మూడో జీపు ముందు చక్రం పక్కన మోకాళ్లు మడిచి కూర్చుని మేస్త్రి వాల్వు నొక్కాడు. గాలి బయటికి వస్తూ వేళ్లకు చల్లగా తగిలింది. వినపడవలసిన చప్పుడు మాత్రం వినపడలేదు.

పొగమంచు ఇంకా విడలేదు. క్లబ్బువాళ్ల జీపులు తొమ్మిదీ గుట్ట కింద వరసగా నిలబడి ఉన్నాయి. ఏటా చలికాలంలో ఒక ఆదివారం ఈ పోటీ. బురదలో, రాళ్ల మీద బండి నడవాలంటే టైర్లలో గాలి తగ్గించాలి. తగ్గితేనే టైరు నేలను పట్టుకుంటుంది. మరీ తగ్గితే చక్రం నుంచి ఊడి కూర్చుంటుంది. ఆ మధ్య కొలత ఇరవై ఆరేళ్లుగా మేస్త్రి చెవిలోనే ఉంది. బుస సన్నబడి ఈలగా మారే క్షణాన వేలు తీసేవాడు. పందెం కాసి గాలి కొలిచే మీటరు పెట్టి చూసినవాళ్లు ప్రతిసారీ ఓడిపోయేవారు. మిగతా రోజుల్లో షెడ్డులో ఆయిలు మార్చేవాడు, బోల్టులు బిగించేవాడు. అది ఎవరికీ పట్టేది కాదు. ఈ ఒక్క ఆదివారమే ఆయనకు పేరు.

వానాకాలంలో కుడిచెవి పోయింది, దాని వెనకే ఎడమది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని ఇంట్లో భార్య విసుక్కునేది. షెడ్డులో మాత్రం పెదవులు చూసి జవాబులిస్తూ నెట్టుకొచ్చాడు. చలి పడ్డాక మంకీ క్యాపు చెవుల కిందికి లాక్కుంటే, రెండుసార్లు పిలిపించుకున్నా ఎవరూ ఏమీ అనుకోలేదు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు రోజులు నెట్టాడు.

క్లబ్బు సెక్రటరీ కారులో మీటరు ఉంది. అడగడానికి నోరు రాలేదు. బొటనవేలితో టైరు నొక్కి చూసి, ఇంతే అయి ఉంటుందనుకున్నాడు.

నాలుగో జీపు టీచరమ్మది. భర్త పోయాక ఆ బండి అమ్మెయ్యమని అందరూ పోరుపెట్టినా వినకుండా, యాభై మూడేళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకున్న మనిషి. ఆవిడకు కప్పు అక్కర్లేదు, గుట్ట ఎక్కి దిగితే చాలు. మేస్త్రి చెయ్యి పడందే బండి కదపదు.

"సరిపోయిందా అన్నయ్యా?"

ఆ బండి వాల్వు మూతలు నాలుగూ జేబులో వేసుకుంటూ, పెదవులు చూసి తలూపాడు.

ఏటవాలు సగంలో ఆవిడ బండి ఎడమ వెనక టైరు ఊడింది. జీపు మెల్లగా ఒరిగి పక్కకు పడుకుంది. బెల్టు పెట్టుకోబట్టి ప్రాణానికేమీ కాలేదు గానీ మణికట్టు విరిగింది.

ఎవరో కట్టు కడుతుంటే సెక్రటరీ అందరి ముందూ పాఠం మొదలుపెట్టాడు. తిప్పకూడని వైపు స్టీరింగు తిప్పిందట. వచ్చే ఏడాది నుంచి ఒడ్డున కూర్చుని చూడడం మంచిదట. మేస్త్రికి ఆ పెదవులు సగమే అందాయి. టీచరమ్మ తల దించుకోవడం, నాదే పొరపాటండీ అనడం మాత్రం స్పష్టంగా కనపడ్డాయి.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నోరు మూసుకుంటే గండం గడిచినట్టే. పనీ నిలుస్తుంది, పేరూ నిలుస్తుంది. ఆవిడ మాత్రం ఇక జీపు ఎక్కదు. ఆ మాట తోచగానే ముందుకు నడిచాడు.

మంకీ క్యాపు తీసేశాడు.

"తప్పు ఆవిడది కాదండి. గాలి ఎక్కువ తీసింది నేను. నాకు చెవులు వినపడవు. ఆరు నెలలైంది."

అందరూ ఊరుకున్నారో, ఏమైనా అన్నారో ఆయనకు తెలియలేదు. టీచరమ్మ లేచి ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా విడదీసి నెమ్మదిగా అంది.

"నాకు చెప్పొచ్చు కదా అన్నయ్యా. నేను మీటరు పట్టుకునేదాన్ని."

మేస్త్రి సెక్రటరీ కారులోంచి మీటరు తెచ్చుకుని, మిగిలిన ఐదు జీపులకూ చక్రం చక్రానికీ పెట్టి చూసి పంపాడు. అలా చెయ్యడం ఏమంత కష్టంగా లేదని అప్పుడు తెలిసి సిగ్గుపడ్డాడు.

బహుమతులు ఇచ్చే వేళకు అందరూ వెతికారు. మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడని టీ కొట్టతను చెప్పాడు. ఎత్తి నిలబెట్టిన టీచరమ్మ జీపు బానెట్టు మీద మడిచిన జేబురుమాలు ఒకటి, దాని మధ్యలో తుడిచి పెట్టిన నాలుగు వాల్వు మూతలు.