తిప్పమ్మకు బూట్లు తొడిగిన ఫోటో

తిప్పమ్మ కరెంటు కొట్టి చచ్చిపోయినప్పుడు ఆమె కాళ్లకు చెప్పులు కూడా లేవు. చేతులకు తొడుగులు లేవు. తడిగుడ్డ ఒక్కటే పిడికిట్లో బిగుసుకుపోయి ఉంది. సోలార్ ప్యానెళ్ల కింద తీగ తెగి ఉందని ఆడకూలీలు ఎన్నోసార్లు మొత్తుకున్నారు. కంట్రాక్టరు హనుమంతరాయప్ప చెవిన పెట్టలేదు. దుమ్ము పేరుకుంటే సోలార్ ప్యానెళ్లలో కరెంటు తగ్గుతుంది. ఆ దుమ్ము కడిగించే కంట్రాక్టు అతనిది. దుమ్ము మీదున్న శ్రద్ధలో పిసరంత కూడా మనుషుల మీద లేదు.

వినుత సైట్ ఆఫీసు కిటికీలోంచి చూసి పరుగెత్తింది. తిప్పమ్మ ఆమెకు సొంత మేనత్త. ఆ ప్యానెళ్లు లేవక ముందు అదే నేలలో ఇద్దరూ కలిసి చెనిక్కాయ చెట్లు పీకినవాళ్లు. అత్త తల ఒళ్లో పెట్టుకుని వినుత అరుస్తుంటే, హనుమంతరాయప్ప జీపులోంచి దిగకుండానే, “మిగిలినోళ్లు పని ఆపొద్దండి” అన్నాడు.

వినుత పావగడలో బి.కాం. చదివింది. కంట్రాక్టరు కంపెనీ ఇంటర్నెట్ పేజీలో పెట్టడానికి ఫోటోలు తయారుచేయడం ఆమె ఉద్యోగం. కెమెరాతో పనిలేదు. ఎలాంటి ఫోటో కావాలో మాటల్లో రాసిస్తే ఏఐ తయారుచేసి పెడుతుంది. ఆ రాసే మాటలను ప్రాంప్టు అంటారు. వినుత ప్రాంప్టు రాస్తే అచ్చం తీసిన ఫోటోలాగే వచ్చేది. మరీ అందంగా ఉంటే ఎవరూ నమ్మరని ఆమెకు తెలుసు. అందుకే ‘కొంచెం వంకరగా ఉండాలి, మొహాన చెమట కనబడాలి, ఒక పక్కన ఫోటోలో సగమే పడిన మనిషి ఉండాలి, పాత ఫోనుతో తీసినట్టు మసకగా ఉండాలి’ అని రాసేది. కొత్త హెల్మెట్లు పెట్టుకుని నవ్వే కూలీలు, ప్యానెళ్ల నీడన మేసే గొర్రెలు, ఇలాంటివెన్నో చేసింది. ప్రచారమే కదా అనుకుంది.

అత్త దినాలు కాకముందే హనుమంతరాయప్ప పిలిపించాడు.

“లేబర్ ఆఫీసరు వస్తాండాడు. మీ అత్తకు గ్లౌజులు, బూట్లు తొడిగి ఒక ఫోటో చెయ్. పని మొదలుపెట్టే ముందు తీసినట్టుండల్ల.”

“ఆమెకు బూట్లు ఎప్పుడిచ్చినారు సార్?”

“ఇచ్చినామని ఫోటో చెప్తాదిలే.”

“నేను రాయను.”

హనుమంతరాయప్ప నవ్వాడు. “రాయకుంటే ఏమాయ? నువ్వు రాసినవన్నీ కంప్యూటర్లోనే ఉండాయి. నాలుగు మాటలు మారిస్తే సరి. పో బయటికి.”

వినుత నేరుగా ఈరక్క ఇంటికి పోయింది. కడిగే గుంపుకు ఈరక్క పెద్ద. సాయంత్రానికి ఆ వాకిట్లో ఆడవాళ్లంతా పోగయ్యారు. వినుత జరిగింది చెప్పింది. ఒకామె గొణిగింది: “భూములు పోయ. ఈ కూలీ గూడా పోతే ఏం తినల్ల?”

“తిప్పమ్మ గూడా అట్లనే అనుకున్నేది,” అంది ఈరక్క. “నోరు మూసుకోని తడి గుడ్డ పట్టుకున్నేది. రేపు నువ్వు చచ్చినా వాడు నీ కాళ్లకూ బూట్లు గీయిస్తాడు. నీ మొగుని ముందరే నీదే తప్పంటాడు. ఒగరిద్దరు పోతే తరిమేస్తాడు. అందరమూ పోదాం.”

గొణిగిన ఆమే అందరికంటే ముందు లేచింది.

లేబర్ ఆఫీసరు విచారణ ఊరి సముదాయ భవనంలో జరిగింది. కంట్రాక్టరు మనుషులు ప్రొజెక్టరుతో గోడ మీద ఫోటో వేశారు. నల్ల బూట్లు, ఎర్ర తొడుగులు వేసుకుని తిప్పమ్మ నవ్వుతోంది. ఫోటో కొంచెం వంకరగా ఉంది. మసకగా ఉంది. ఒక పక్కన సగమే పడిన మనిషి ఉన్నాడు. వినుత గుర్తుపట్టింది. అవి తన మాటలే. తన మాటలతోనే అత్తను రెండోసారి చంపారు.

తిప్పమ్మ మొగుడు మారెప్ప లేచి గోడ దగ్గరికి పోయాడు. ఆ బూట్లను చేత్తో తడిమాడు.

“ఇవి యాడుండాయి సామీ? నా ఇంట్లో లేవు. కాటికాడా లేవు. నా పెండ్లానికి ముందరి పల్లు ఎప్పుడో ఊడిపాయ. ఈ పల్లు ఎవురు కట్టిచ్చినారు?”

ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. “ఫోటో స్పష్టంగా ఉందప్పా. అన్నీ ఇచ్చారు, ఆమే తీసి పారేసిందని కంట్రాక్టరు చెప్తున్నాడు. నోటిమాటను నేనేమని రాసుకోవాలి?”

“అయితే నేనూ ఒక ఫోటో చూపిస్తా సార్,” అంటూ వినుత ముందుకొచ్చింది. ఫోను తీసింది. పూలదండతో ఉన్న హనుమంతరాయప్ప ఫోటో కంపెనీ పేజీలోనే దొరికింది. దాన్ని ఏఐలో పెట్టి, పైకి చదువుతూ ప్రాంప్టు రాయసాగింది. “ఈ మనిషి సోలార్ ప్యానెళ్లు కడుగుతున్నాడు...”

వెనక నుంచి ఈరక్క గొంతు లేచింది. “చెప్పులు తీసెయ్ వాడికి!”

“పంచె ఎగగట్టు!”

“బకెట్టు పట్టిచ్చు! నిండా నీళ్లు పొయ్!”

“ఎండ పెంచు మే, నెత్తి మాడిపోవల్ల!”

మారెప్ప కళ్లు ఎర్రబడ్డాయి. “చచ్చి పడుండాడని రాయి! తీగ పట్టుకోని చచ్చి పడుండాడని రాయి!”

వినుత వేళ్లు ఆగాయి. ఆమెకూ అదే రాయాలనుంది. “వద్దు మామా. చావు మనం చూసినాం. వీడు బతికుండి మన పని చేయల్ల.”

బొమ్మ వచ్చింది. వంగిన నడుము, బొబ్బలెక్కిన కాళ్లు, చేతిలో తడిగుడ్డ. వాడే, అచ్చం వాడే. ఆడవాళ్ల అరుపులతో భవనం అదిరిపోయింది. వినుత ఫోను ఆఫీసరు చేతిలో పెట్టింది.

హనుమంతరాయప్ప బల్ల మీద గుద్దాడు. “అబద్దం! అదంతా దొంగ ఫోటో! నేను పుట్టినకాడినుంచి బకెట్టు పట్టలేదు!”

“రాసుకో సామీ!” ఈరక్క వేలు గోడకేసి చూపించింది. “వాని నోటితోనే చెప్పినాడు. ఫోన్లోది దొంగదైతే ఈ గోడ మీదిదేంది?”

ఆఫీసరు ఫైలు మూశాడు. మళ్లీ విచారిస్తామన్నాడు. కానీ వినుత గడప దాటకముందే హనుమంతరాయప్ప ఫోనుకు పోలీసులు వచ్చారు. కంట్రాక్టరు పరువు తీసే దొంగ ఫోటో చేసిందని కేసు. గోడ మీది ఫోటో సంగతి ఎవరూ అడగలేదు. జీపు ఎక్కుతూ వినుత వెనక్కి తిరిగి అరిచింది: “ఈరక్కా, నా కోసరం ఏడ్సొద్దండి! పని ఆపండి!”

తెల్లారి నీళ్ల ట్యాంకరు వచ్చింది. ఒక్కరూ బ్రష్షు ముట్టలేదు. ఆ మరుసటి రోజూ ముట్టలేదు. గాలి లేచింది. ప్యానెళ్లు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. కంట్రాక్టరు కంపెనీ పేజీలో కొత్త ఫోటో పెట్టించాడు. ప్యానెళ్లు తళతళలాడుతున్నాయి, బూట్లేసుకున్న ఆడవాళ్లు నవ్వుతున్నారు. పైనుంచి ప్లాంటు ఇంజనీర్లు మాత్రం ఫోన్ల మీద ఫోన్లు చేశారు: కరెంటు ఎందుకు పడిపోయిందని.

ఆడవాళ్లు కూర్చున్న గేటు దగ్గరికి హనుమంతరాయప్ప వచ్చాడు. ఈసారి జీపు దిగాడు. చేతిలో బూట్ల పెట్టె ఉంది.

“రాండమ్మా. అందరికీ తెచ్చినా. కోపాలు ఎందుకు?”

ఈరక్క లేవలేదు. “ముందు మా బిడ్డను ఇడిపించుకోని రా. తిప్పమ్మకు ఏమీ ఇయ్యలేదని ఆఫీసరు ముందర నీ నోటితో చెప్పు. మారెప్ప కాళ్లకాడ ఆ మాట చెప్పు. అంతదాంక, ఫోటోలో నవ్వుతాండారే, ఆ ఆడోళ్లను పిలుచుకోని కడిగించుకో పో!”

అతను పళ్లు కొరికి జీపెక్కాడు. అప్పటికే ప్లాంటులోని అవతలి బ్లాకుల కూలీలు బ్రష్షులు భుజాన వేసుకుని బాట వెంట వస్తున్నారు. వాళ్లూ వచ్చి గేటుకు అడ్డంగా కూర్చున్నారు. దూరాన పోలీసు బండ్లు దుమ్ము రేపుకుంటూ వస్తున్నాయి. మారెప్ప తువ్వాలు తలకు చుట్టుకుని మొదటి వరుసలోకి జరిగాడు. ఆడవాళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు.

“ఎవురూ లేయొద్దండి,” అంది ఈరక్క.

ఎవరూ లేవలేదు.