ముత్యాలయ్య కాటా

బిట్రగుంటలో టైటస్‌ను గుర్తుపట్టని మనిషి లేడు. అదే అతడికి పెద్ద చిక్కయింది. బండి దగ్గర రెండో ప్లేటు ఇడ్లీ చెప్పబోతే చాలు, పక్కనున్నవాళ్ళు "ఏందన్నా, మళ్ళా పోటీకి దిగతా ఉండావంట గదా" అని నవ్వుతారు. ఒకప్పుడు బాక్సింగులో రాష్ట్ర ఛాంపియన్. జాతీయ పోటీల్లో వెండి పతకం, ఆ పతకం పుణ్యాన రైల్వేలో ఉద్యోగం. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళ వయసు, డెబ్బై రెండు కిలోల ఒళ్ళు, బీరువా నిండా సన్మానాల శాలువాలు.

తిరిగి రింగులోకి వస్తానని అతడు చాటుకోవడం ఇది మూడోసారి. ముప్పై ఏళ్ళప్పుడు వచ్చి మొదటి రౌండులోనే కింద పడ్డాడు. మూడేళ్ళ తర్వాత వచ్చి పక్కటెముక విరగ్గొట్టుకున్నాడు. ఊరంతా వచ్చి పరామర్శించింది, గుమ్మం దాటాక నవ్వుకుంది. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ ఈ ఏడాది రాష్ట్ర పోటీలు నెల్లూరులోనే అని తెలిసేసరికి టైటస్‌కు నిద్ర పట్టలేదు. సొంత జిల్లా జనం చూస్తుండగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, రెఫరీ తన చెయ్యి పైకెత్తాలి. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఇడ్లీలు తింటూ కూర్చున్నా ఫరవాలేదు. అరవై అయిదు కిలోల విభాగంలో పేరిచ్చాడు. అంటే ఏడు కిలోలు తగ్గాలి.

"ఈ వయసులో ఏడు కిలోలు పోతే మనిషివి మిగలవు," అంది భార్య మెర్లిన్. మిగలకపోయినా ఫరవాలేదనే అనుకున్నాడు టైటస్. పైకి మాత్రం అనలేదు.

మొదటి అయిదు కిలోలు చెప్పినట్టు విన్నాయి. ప్రతి ఆదివారం తెల్లవారుతూనే బండి మీద సముద్రపు ఒడ్డున ఉన్న పాలేనికి పోయి, ప్లాస్టిక్ కోటు తొడుక్కుని ఇసకలో పరిగెత్తి, చెమటంతా కారాక ముత్యాలయ్య షెడ్డులో కాటా ఎక్కేవాడు. డెబ్బై రెండు డెబ్బై అయింది, డెబ్బై అరవై ఏడయింది.

ముత్యాలయ్య చేపలు కొని నెల్లూరు పంపే మనిషి. వయసు అరవై దాటింది. అతడి షెడ్డులో గోడకు కాస్త ఎడంగా పాతకాలపు ఇనప కాటా ఉంది. నిలబడడానికి పలక, ఎదురుగా కంబం, కంబం మీద అడ్డంగా కడ్డీ, కడ్డీ మీద జరిపే గుండు. రోజూ మొదటి తూకానికి ముందు పలక నాలుగు మూలలా ఇంత ఉప్పు చల్లడం ముత్యాలయ్య తండ్రి నాటి అలవాటు. సముద్రానిది తూచేముందు సముద్రానికి చెప్పుకోవాలంటాడు. చేపలు తూచడానికి ఇప్పుడు కరెంటు మిషను ఉంది. పాత కాటా మీద చేప పెట్టి పద్నాలుగేళ్ళయింది. ఉప్పు మాత్రం ఇప్పటికీ దాని మీదే చల్లుతాడు.

చేప ఎందుకు పెట్టడో పాలెమంతటికీ తెలుసు. బెన్హర్ చివరిసారి తూగింది ఆ కాటా మీదే.

బెన్హర్, టైటస్ ఒకే ఊరివాళ్ళు, ఒకే చర్చివాళ్ళు, అప్పట్లో ఇద్దరిదీ అరవై కిలోల విభాగం. రాష్ట్ర పోటీలకు జిల్లా నుంచి ఒక్కరే పోవాలి. ఎవరు పోవాలో తేల్చడానికి ఇద్దరికీ పోటీ పెట్టారు. దానికి ముందు రోజు ఉదయం ఈ కాటా మీద బెన్హర్ అరవై రెండు తూగాడు. రోహిణీ కార్తె ఎండలో, ఒంటికి ప్లాస్టిక్ పట్టా చుట్టుకుని, మధ్యాహ్నం దాకా ఇసకలో పరిగెత్తి, సరుగుడు చెట్ల సర్వితోపు దగ్గర పడిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. టైటస్ పోటీ లేకుండానే ఎంపికయ్యాడు. పతకం, ఉద్యోగం, శాలువాలు, అన్నీ ఆ తర్వాతివే.

బెన్హర్ తల్లి రెబెక్కమ్మ రైల్వే స్కూల్లో ఆయాగా పనిచేసింది. బెన్హర్ పోయే ముందురోజు సాయంత్రం, కొడుకు ఆకలికి ఓర్చుకోలేక వంటింట్లోకి వస్తే, కోచ్‌కు తెలియకుండా బొమ్మిడాయిల పులుసుతో ఇంత అన్నం పెట్టింది. ఆ అన్నమే రెండు కిలోలైందని, తన చేతి కూడే బిడ్డను చంపిందని ఆమె నమ్మకం. ఆ రోజు నుంచి ఆమె ఇంట్లో చేప ఉడకలేదు. ఎవరొచ్చినా "తిను" అన్న మాట ఆమె నోట రాలేదు. చర్చిలో విందు జరిగినా వడ్డనకు రాదు, వెనక కూర్చుని అంట్లు తోముతుంది.

టైటస్ కూడా చర్చిలో ఒక పని చెయ్యడు. నెలకొకసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం వెనక వరసలోంచి లేచి మెల్లగా బయటికి పోతాడు. "రొట్టెముక్కకు గూడా బరువు చూసుకుంటాడు మన ఛాంపియన్" అని పాస్టరుగారు ఛలోక్తి వేస్తారు. అందరూ నవ్వుతారు, టైటస్ అందరికంటే గట్టిగా నవ్వుతాడు.

సరే, అరవై ఏడు దగ్గర తూకం ఆగిపోయింది. మూడు వారాలు కదలలేదు. అన్నం మానేసి రెండు నెలలు, ఉప్పు మానేసి నెల. పెళ్ళినాటి ఉంగరం వేలికి నిలవడం లేదని మెర్లిన్ తీసి దాచింది. బెల్టుకు కొత్త బెజ్జాలు పొడిచింది. తల కూడా గొరిగించుకున్నాడు. నెల్లూరులో కోచ్ సుశీల్ కుమార్ దగ్గరున్న మిషను మీదా అరవై ఏడే. సుశీల్ కుమార్ బ్యాటరీ మార్చాడు, తర్వాత మిషనే మార్చాడు, ఆఖరికి "దాచిపెట్టుకుని తింటా ఉండావా?" అని అరిచాడు. చొక్కా విప్పిన టైటస్ పక్కటెముకలు చూశాక గొంతు తగ్గించాడు. "అరవై అయిదుకు ఒక్క గ్రాము ఎక్కువ ఉండవు నువ్వు. కంటికి తెలస్తా ఉండాది. మరి ఇదేంది?"

ఇదేందో టైటస్‌కు తెలియదు. కానీ ఒక సంగతి అతడు ఎవరికీ చెప్పలేదు. కాటా ఎక్కి కదలకుండా నిలబడ్డాక, కడ్డీ సమంగా నిలవబోయేటప్పుడు, అతడి మడమల వెనక పలక కొంచెం దిగుతుంది. పడవలో కూర్చున్నప్పుడు వెనక ఇంకొకరు కాలు పెట్టినట్టుంటుంది. తిరిగి చూస్తే గోడ, గోడకు వేలాడే పాత వల, అంతే.

పోటీ రోజు వచ్చింది. నెల్లూరులో తూకం ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా. టైటస్ అయిదింటికే పాలెంలో ఉన్నాడు. వేటకు పోయిన పడవలు ఇంకా రాలేదు. కృష్ణపట్నం వైపు పోయే ఓడ ఒకటి దూరంగా దీపాలతో నిలబడి ఉంది. కోటు తొడుక్కుని సర్వితోపు దాకా పరిగెత్తాడు. కోటు చేతులు ఒంటికి రాసుకుని గరగరమంటున్నాయి. తోపు దగ్గర ఊపిరందక ఆగాడు. అతడు ఆగాక కూడా ఆ గరగర వెనక నాలుగడుగులు వచ్చి ఆగింది.

టైటస్‌కు భయం వేసింది. రింగులో ఎవడికీ భయపడని మనిషి, తిరిగి చూడకుండా షెడ్డు దాకా వచ్చాడు.

ముత్యాలయ్య అప్పుడే ఉప్పు చల్లి కడ్డీ దగ్గర నిలబడి ఉన్నాడు. టైటస్ కోటు విప్పి, పలక మధ్యన కాళ్ళు దగ్గరగా పెట్టి నిలబడ్డాడు. గుండు జరిగింది. వెనక పలక దిగింది.

"అరవై ఏడు," అన్నాడు ముత్యాలయ్య.

"అన్నా, నా వెనక ఎవరన్నా ఉండారా?"

"ఎవరుంటారు అబ్బయ్యా, ఇంత పొద్దున?"

టైటస్ మెల్లగా దిగి పలక వెనక్కి వచ్చాడు. కుడి మూల, చల్లిన ఉప్పులో, ఒక కాలి బొటనవేలి ముద్ర ఉంది. తడిగా, లోతుగా, ఇనుము కనబడేంత గట్టిగా అదిమిన ముద్ర. అతడి పాదాలు అటువైపు పోనే లేదు.

ఆ చోటు అతడికి తెలుసు. పద్నాలుగేళ్ళ కింద బెన్హర్ తువ్వాలు, బట్టలు పట్టుకుని వాడి వెనక నిలబడింది టైటసే. ముత్యాలయ్య కళ్ళు కడ్డీ మీద, బెన్హర్ కళ్ళు గుండు మీద ఉండగా, టైటస్ తన కాలి బొటనవేలు సరిగ్గా ఆ మూల పెట్టి అదిమాడు. బెన్హర్ తనకంటే మంచి బాక్సర్. రెండు కిలోలు ఎక్కువుందంటే బెదిరిపోయి పరిగెత్తుతాడు, అలిసిపోతాడు, రేపు చేతికి చిక్కుతాడు అనుకున్నాడు. అంతే అనుకున్నాడు. చచ్చిపోతాడని అనుకోలేదు. ఆ మాట తనకు తానే ఎన్నో వేలసార్లు చెప్పుకున్నాడు.

"పాపిష్టి కాటా," అంటున్నాడు ముత్యాలయ్య, అటు తిరిగి. "ఆ బిడ్డకి అరవై రెండని చెప్పింది ఈ నోరే. తూనికలోళ్ళకి రెండుసార్లు చూపించినా. బాగుండాదన్నారు. బాగుంటే ఆ బిడ్డ ఎందుకు పోతాడు? అందుకే మళ్ళ దీని మీద చేప పెట్టలా."

తన ఒక్క బొటనవేలిని ఇద్దరు ముసలివాళ్ళు ఇన్నేళ్ళూ మోస్తున్నారని టైటస్‌కు అప్పుడే తట్టింది.

"కాటాది తప్పు గాదన్నా," అన్నాడు. "నాది. వెనక నించి నేను కాలు పెట్టినా."

ముత్యాలయ్య కడ్డీని అరచేత్తో రెండుసార్లు నిమిరాడు. తర్వాత, కోపంతోనో అలవాటుతోనో, "ఎక్కు," అన్నాడు.

టైటస్ ఎక్కాడు. వెనక ఏమీ కదలలేదు. కడ్డీ నిలిచింది.

"అరవై అయిదు."

ముత్యాలయ్య లోపలికి పోయి బొమ్మిడాయిలు కట్టిన కవరు తెచ్చి అతడి చేతిలో పెట్టాడు. వారం వారం రెబెక్కమ్మకు పంపేదే. ఆమె వాటిని పక్కింటివాళ్ళకు ఇచ్చేస్తుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "ఇది ఇచ్చిపో," అన్నాడు. "ఇచ్చి ఆమెకి గూడా చెప్పు. చెప్పకుండా నా షెడ్డుకి రాబాక."

ఆరున్నర. అరవై అయిదు కిలోలు. బండి తీసేటప్పటికి టైటస్ మనసు నెల్లూరులో ఉంది. సాయంత్రం చెప్పొచ్చు. గెలిచి, పతకంతో పోయి చెప్పొచ్చు. పద్నాలుగేళ్ళు ఆగిన మాట పది గంటలు ఆగదా? హైవే దగ్గర నెల్లూరు వైపు బండి తిప్పాడు. అప్పుడు వెనక సీటు కిందికి దిగింది. బండి వెనక్కి ఒరిగింది, హ్యాండిల్ తేలికైంది. ఇద్దరూ కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు బెన్హర్ ఎక్కి కూర్చుంటే ఇలాగే అయ్యేది. టైటస్ అద్దంలోకి చూడలేదు. బండి తిప్పి రైల్వే కాలనీ వైపు పోనిచ్చాడు.

రెబెక్కమ్మ వాకిలి ఊడుస్తోంది. అతడిని చూసి "ఏంది నాయనా, ఈ రోజు పోటీ గదా," అంది. లోపలికి రమ్మంది. కూర్చోమంది. ఏమన్నా తింటావా అని మాత్రం అడగలేదు.

టైటస్ నిలబడే చెప్పాడు. ఒక్క మాట కూడా దాచుకోలేదు. "నువ్వు పెట్టిన అన్నం గాదమ్మా. నా కాలు," అని ముగించాడు.

ఆమె చేతిలో చీపురు అలాగే ఉంది. "మరి నా బిడ్డ ఎంతుండాడు?" అని అడిగింది.

"అరవై. ముత్యాలన్న గుండు అరవై మీద పెడితే కడ్డీ నిలవబోయింది. నిలిచేలోపల నేను తొక్కినా. నా కాలు తీస్తే నీ బిడ్డ సరిగ్గా అరవై."

రెబెక్కమ్మ చీపురు కింద పెట్టి అతడి చెంప మీద కొట్టింది. అలవాటు కొద్దీ అతడి చేతులు పైకి లేవబోయాయి. దించుకున్నాడు. మళ్ళీ కొట్టింది, మళ్ళీ కొట్టింది. పిడికిళ్ళతో గుండెల మీద కొట్టింది. ఆ ముసలి చేతుల్లో బలం లేదు. అయినా ఏ రింగులోనూ తగలనంత నొప్పి తగిలింది అతడికి. ఆపమని కూడా అనిపించలేదు.

అలిసిపోయి ఆమె గడప మీద కూర్చుంది. "పద్నాలుగేళ్ళు," అంది. "నా చేతిని నేనే అసయ్యించుకున్నా గదరా." అప్పుడు ఏడ్చింది. టైటస్ కూడా ఏడ్చాడు. జేబులో ఫోను మోగి ఆగింది, సుశీల్ కుమార్.

కాసేపటికి ఆమె లేచింది. కవరు విప్పింది. బొమ్మిడాయిలను రాళ్ళ ఉప్పు వేసి రుద్ది రుద్ది కడిగింది. పొయ్యి మీద బియ్యం పెట్టింది. చింతపండు పిసికి, మామిడికాయ ముక్కలు కోసింది. ఫోను మోగుతూనే ఉంది. ఇల్లంతా పులుసు వాసన నిండింది. రెండు నెలలుగా ఎండిన టైటస్ నోట్లో నీళ్ళూరాయి, సిగ్గు కూడా వేసింది.

ఎనిమిదిన్నరకు ఆమె చాప పరిచి పళ్ళెం పెట్టింది. దాని పక్కన ఇంకో పళ్ళెం పెట్టింది. రెండింటిలోనూ అన్నం వడ్డించి, మధ్యలో గుంట చేసి పులుసు పోసింది.

"తినండి," అంది.

ఇప్పుడు బయలుదేరినా తొమ్మిదికి అందుతుందో లేదో. కానీ ఒక్క ముద్ద తింటే ఇక తూకానికి పోయి లాభం లేదు. తినమన్న మాట ఆమె నోట వచ్చి పద్నాలుగేళ్ళయింది. టైటస్ కూర్చుని అన్నం కలిపాడు.

తల వంచుకునే తిన్నాడు. ఎడమ పక్క చాప కొంచెం కిందికి అణిగినట్టు మోకాలికి తెలుస్తోంది. అటు చూడలేదు. ఫోను చివరిసారి మోగి ఆగిపోయింది.

రెబెక్కమ్మ గిన్నె, గరిటె పట్టుకుని వచ్చింది. పళ్ళేలు రెండూ ఖాళీగా ఉన్నాయి.

"ఇంకొంచెం ఎయ్యనా నాయనా?" అని అడిగింది.

ఎవరిని అడిగిందో తలెత్తి చూసే ధైర్యం టైటస్‌కు లేకపోయింది. తన పళ్ళెం మాత్రం ముందుకు జరిపాడు.